రెండు మార్కెట్లలో ఒకే ప్రశ్న: పోల్చడానికి ఏ పద్ధతి మేలు?

పాలీమార్కెట్, కాల్షీ అంటే జరగబోయేవాటి మీద డబ్బు పెట్టే సైట్లు, "అవును"కు 60 సెంట్లు రేటుంటే అది జరిగే అవకాశం దాదాపు 60 శాతమని జనం లెక్క. పాలీమార్కెట్‌లో 60 సెంట్లు, కాల్షీలో 54 అని కనపడగానే "ఒకే ప్రశ్నకు రెండు రేట్లా!" అని ఎగిరి గంతేసేవాళ్లు మన కర్నూలులోనూ ఉన్నారు. అది నిజంగా ఒకే ప్రశ్నా కాదా అన్నది ముందు తేలాలి కదప్పా.

హెడ్డింగ్ చూసి రెండు ప్రశ్నల్ని జత కట్టేయడం అన్నిటికంటే సులువు, అన్నిటికంటే ప్రమాదం కూడా. 2024 అమెరికా అధ్యక్ష ఎన్నికనే తీసుకోండి: అసోసియేటెడ్ ప్రెస్, ఫాక్స్, ఎన్‌బీసీ మూడూ ఒకే పేరు ప్రకటిస్తే పాలీమార్కెట్‌లో లెక్క తేలిపోతుంది, కాల్షీలో మాత్రం 2025 జనవరిలో ప్రమాణ స్వీకారం ఎవరు చేస్తారన్నదే లెక్క. గెలిచినాయనే ప్రమాణం చేశాడు కాబట్టి సరిపోయింది. మధ్యలో ఏమైనా అయ్యుంటే?

ఎంబెడింగ్స్‌తో, అంటే వాక్యాల అర్థాన్ని అంకెలుగా మార్చి, మెషిన్‌తో పోలిక లెక్కేయించడం దానికన్నా నయం, వేల ప్రశ్నల్లోంచి దగ్గరగా ఉన్నవాటిని క్షణాల్లో ఏరి పెడుతుంది. కానీ "జూలై 31 లోపు శ్రీశైలం గేట్లు ఎత్తుతారా?", "జూలై 31 లోపు శ్రీశైలం నిండుతుందా?" అని రెండు ప్రశ్నలిస్తే దానికి రెండూ అన్నదమ్ముల్లాగే కనిపిస్తాయి. పైనుంచి వరద గట్టిగా వస్తుంటే నిండు మట్టం 885 అడుగులు చేరకముందే గేట్లు ఎత్తేస్తారని మనకు తెలుసు, అంటే మొదటిదానికి అవును, రెండోదానికి కాదు అని ఒకేరోజు రావచ్చు. తేదీ మారినా పోలిక స్కోరు పెద్దగా తగ్గదు, అదో తలనొప్పి.

నా ఓటు మాత్రం రూల్స్ చదవడానికే. మెషిన్ ఏరిపెట్టినవే చదవండి, అన్నీ చదవాలంటే జీవితం చాలదు. గడువు చూడండి: అమెరికా ఈస్టర్న్ టైమ్ రాత్రి 11:59 అంటే మనకు మర్నాడు పొద్దున 9:29, చలికాలమైతే 10:29. తీర్పు ఎవరిదో కూడా చూడండి. కాల్షీలో కంపెనీదే, పాలీమార్కెట్‌లో వివాదం ముదిరితే ఉమా (UMA) అనే క్రిప్టో టోకెన్లున్నవాళ్ల ఓటింగ్. 2025లో జెలెన్‌స్కీ సూటు వేసుకున్నాడా లేదా అన్న ప్రశ్న గుర్తుందా, సూటేనని పత్రికలు రాసినా పాలీమార్కెట్‌లో చివరికి "కాదు" అనే తేల్చారు. అదే ప్రశ్న ఇంకోచోట ఉండుంటే జవాబు కూడా ఇంకోటి అయ్యేదేమో!

రూల్స్ పోల్చడానికి చాట్‌బాట్ సాయం తీసుకుంటే "రెండూ ఒకటేనా" అని అడగొద్దు, తేడాలు రాయమనండి. డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలు మన దేశంలో 2025 చట్టంతో బంద్, కాబట్టి సాధనకు ఉత్తుత్తి డబ్బుతో నడిచే మానిఫోల్డ్ అనే సైటు చాలు. అక్కడ సాధారణంగా ప్రశ్న పెట్టినాయనే తీర్పరి, అందుకే కింద కామెంట్లలో ఆయన ఇచ్చిన వివరణలు చూశాకే ఆ రేటును ఇంకోదానితో పోల్చండి.