అలాయ్ వీల్స్ మార్పించుకున్నవాళ్ళు ముందు నట్లు చూసుకోండి, నా కారు చక్రం హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) మీద ఊడిపోబోయింది

కోపం ఇంకా తగ్గలేదు. అయినా రేపటిదాకా ఆగితే ఈలోపు ఇంకెవరైనా అదే షాపుకి వెళ్తారేమో అని ఇప్పుడే రాస్తున్నా. కూకట్‌పల్లి వైపు అలాయ్స్ తక్కువకి ఇస్తారని అందరూ చెప్పుకునే షాపు, మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. కంప్లైంట్ పెడుతున్నాను కాబట్టి పేరు రాయట్లేదు.

మాది హోండా సిటీ. కారుతో వచ్చిన స్టీల్ రిమ్‌లు తీసేసి బయటి అలాయ్స్ వేయించాం. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అన్నీ చేశామన్నారు, డబ్బులు కట్టి వచ్చేశాం.

నిన్న అమ్మని ఎయిర్‌పోర్ట్‌లో దింపడానికి గచ్చిబౌలి దగ్గర ఓఆర్ఆర్ ఎక్కాను. నార్సింగి దాటాక ముందు ఎడమ చక్రం నుంచి టక్ టక్‌మని చప్పుడు. స్పీడుతో పాటే చప్పుడూ పెరుగుతోంది, స్టీరింగ్ చేతిలో వణుకుతోంది. 120 దాకా పోనిచ్చే రోడ్డు అది, వెనక నుంచి లారీలు, క్యాబ్‌లు దూసుకొస్తున్నాయి. వెనక సీట్లో అమ్మ, మా పాప. హజార్డ్ లైట్లు వేసి, బ్రేకు గట్టిగా తొక్కకుండా మెల్లగా పక్కకి తెచ్చి ఆపాను. దిగి చూస్తే నాలుగు నట్లలో ఒకటి లేనే లేదు. ఒకటి స్టడ్‌తో (నట్టు ఎక్కే బోల్టుతో) సహా విరిగిపోయింది. మిగిలిన రెండూ పానా అక్కర్లేకుండా వేళ్ళతోనే తిరుగుతున్నాయి. అలాయ్‌లో నట్టు కూర్చునే రంధ్రం కోడిగుడ్డులా సాగిపోయింది. దాని అంచు అరిగి తళతళా మెరుస్తోంది. చుట్టూ నల్లటి పొడి చారలు. ఇంకాసేపు నడిపి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. అమ్మని క్యాబ్ ఎక్కించి, కారుని టోయింగ్ బండి మీద తెచ్చుకున్నాం.

మా ఇంటి దగ్గర మెకానిక్ నట్టు చేతిలోకి తీసుకోగానే సంగతి చెప్పేశాడు. హోండా కంపెనీ నట్లకి కింద కూర్చునే భాగం గుండ్రంగా, బంతిలో ముక్కలా ఉంటుంది, బాల్ సీట్ అంటారు. బయట దొరికే అలాయ్స్‌లో ఎక్కువ వాటికి రంధ్రం గరాటులా ఏటవాలుగా ఉంటుంది, దానికి 60 డిగ్రీల కోన్ నట్లు పడాలి. షాపువాళ్ళు ఆ కోన్ రంధ్రాల్లో పాత గుండ్రటి నట్లే పెట్టి నట్లు బిగించే మెషిన్ గన్‌తో బిగించేశారు. గన్‌తో కొడితే బిగిసినట్టే ఉంటుంది. కానీ లోపల నట్టు ఆనేది సన్నటి గీత మందాన మాత్రమే. చక్రాన్ని నిజంగా పట్టి ఉంచేది నట్ల ఒత్తిడి. ఆ ఒత్తిడికే చక్రం హబ్‌కి (కారు వైపు చక్రాన్ని తగిలించే భాగానికి) అతుక్కుని, ఆ రాపిడి మీదే బరువంతా ఆగుతుంది. సన్నటి గీత మీద ఆనిన చోట అల్యూమినియం నలిగి కుంగుతుంది, ఒత్తిడి పోతుంది, చక్రం హబ్ మీద అటూఇటూ కదలడం మొదలవుతుంది. ఆ కదలికకే నట్టు తనంతట తను వదులవుతుంది, స్టడ్ వంగి వంగి విరుగుతుంది. పైగా ఆ అలాయ్ మధ్య రంధ్రం మా హబ్ కన్నా పెద్దది. హోండా సిటీ హబ్ 56.1 మిల్లీమీటర్లు. ఆ ఖాళీ నిండడానికి మధ్యలో వేయాల్సిన రింగులు కూడా వేయలేదు.

ఇవాళ పొద్దున ఆ నట్లు, ఫోటోలు పట్టుకుని షాపుకి పోయాను. ఓనర్ మొదటి మాటే, "మధ్యలో పంచర్ షాపుల ఎవరో ఇప్పినట్టున్నరు సార్." ఎవరూ విప్పలేదు, అలాయ్స్ వేశాక ఆ చక్రం మీద ఎవరి చెయ్యీ పడలేదు అన్నాను. నట్టు కౌంటర్ మీద పెట్టి, ఇది ఆ రంధ్రంలో కూర్చునేదేనా మీరే చెప్పండి అని అడిగాను. దాన్ని ఒకసారి అటూఇటూ తిప్పి చూశాడు. మొహంలో ఆశ్చర్యమేమీ లేదు. "కోన్ నట్లు ఉంటయ్ సార్, ఎక్స్‌ట్రా పైసలంటే కస్టమర్లు లొల్లి జేస్తరు, అందుకే ఉన్నయే ఏస్తం. ఇన్నొద్దులసంది ఎవరికి ఏం గాలే" అన్నాడు.

అంటే ఆయనకి తెలుసు. నట్టు సరిపోదని తెలుసు, సరిపోయే నట్ల డబ్బాలు ఆయన వెనక ర్యాక్‌లోనే ఉన్నాయి, నేను నిలబడ్డ చోటికి కనిపిస్తూనే ఉన్నాయి. మొత్తం పదహారు నట్లు, రెండు వేలు కూడా కావు. వీల్స్‌కి అన్ని వేలు పోసినవాళ్ళం, ఇది కూడా కావాలని ఒక్క మాట చెప్తే ఇచ్చేవాళ్ళం కాదా? మమ్మల్ని అడగనే లేదు. మా పాప కూర్చున్న కారు అది. ఆ మాట అంటే, "బండి మీది, నడిపింది మీరు, నన్నేం జేయమంటరు" అని ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. అప్పుడు నట్లు బిగించిన కుర్రాడు అక్కడే ఉన్నాడు, తల ఎత్తలేదు. వాడిని ఏమీ అనాలనిపించలేదు, ఓనర్ ఏది చేతికిస్తే అదే బిగిస్తాడు.

డబ్బులు వాపస్ ఇవ్వనన్నాడు. వాళ్ళిచ్చిన జీఎస్టీ బిల్లు ఉంది, ఫోటోలు ఉన్నాయి. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. వస్తువుకో సర్వీసుకో కట్టింది 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా ఉండదు. మీరు ఎక్కడ వేయించుకున్నా కచ్చా చీటీ తీసుకోకండి, పక్కా బిల్లే అడగండి.

ఆ షాపులో వేయించుకున్నవాళ్ళు, ముఖ్యంగా హోండా కార్లవాళ్ళు, ఇవాళే ఒక నట్టు విప్పి చూడండి. కింది భాగం గుండ్రంగా ఉండి, అలాయ్ రంధ్రం గరాటులా ఏటవాలుగా ఉంటే ఆ కారు రోడ్డెక్కించకండి. నట్లు మార్చాక గన్‌తో వదిలేయనివ్వకండి, ఎదురెదురు నట్లు ఒకదాని తర్వాత ఒకటి టార్క్ రెంచ్‌తో (ఎంత బిగువు కావాలో అంతే కొలిచి బిగించే పానాతో) బిగించమనండి. హోండా సిటీకి 108 న్యూటన్ మీటర్లు, మిగతా కార్లకి మాన్యువల్‌లో ఉంటుంది. 80, 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి చెక్ చేయించండి. నట్ల చుట్టూ నల్లటి పొడి గానీ తుప్పు చారలు గానీ కనిపించినా, టక్ టక్ చప్పుడు వచ్చినా ఇంటిదాకా పోదామనుకోకండి, అక్కడే ఆపేయండి.