దూరపు షూటింగ్ రేంజి మెంబర్‌షిప్: గాలి ఉంటే బాగుంటుంది

టార్గెట్లు ఎలా ఉన్నాయి, ఏసీ పనిచేస్తుందా, లేన్లు ఎన్ని అన్నది ఏ మెంబర్ని అడిగినా చెబుతారు. అవన్నీ బాగానే ఉన్నాయి. నా కడుపుమంటంతా పిస్టళ్లలో గాలి నింపే కంప్రెసర్ మీద.

నేనుండేది వనస్థలిపురం. రేంజి హైదరాబాద్‌కి పడమటి కొసన. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కినా, ఊళ్లోంచి పోయినా వెళ్లి వచ్చేసరికి ఒక పూట పోతుంది. ఇంటికి దగ్గర్లో పేపర్ టార్గెట్ల రేంజి ఒకటి ఉంది. అది కాదని ఇంత దూరం చేరింది షాట్ ఎక్కడ పడిందో వెంటనే లేన్‌లోని స్క్రీన్ మీద చూపే ఎలక్ట్రానిక్ టార్గెట్ల కోసమే. పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో 60 షాట్లకి పేపర్ మీదైతే గంటన్నర ఇస్తారు, ఎలక్ట్రానిక్ మీద గంటా పావే. పేపర్ కార్డు మార్చుకుంటూ తీరిగ్గా కొట్టే అలవాటుతో మ్యాచ్‌కి వెళితే చివరి పది షాట్లు పరుగే.

ఇక కంప్రెసర్ సంగతి. ఇప్పటి మ్యాచ్ పిస్టళ్లు నడిచేది సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడి దాకా నింపిన గాలితో. నిండుగా ఉంటే సైటర్లు (మ్యాచ్‌కి ముందు కొట్టే లెక్కలోకి రాని షాట్లు), మ్యాచ్ రెండూ హాయిగా అయిపోతాయి. ఒక శనివారం తెల్లారుజామునే బయల్దేరి, టోల్ కట్టి, గేజ్‌లో ముల్లు అడుగున ఉందని తెలిసే వెళ్లాను, అక్కడ నింపుకోవచ్చు కదా అని. కంప్రెసర్ మీద గోనెసంచి కప్పి ఉంది. "రేపొస్తడు అన్నా మెకానిక్" అన్నాడు అక్కడి కుర్రాడు, మూలనున్న చేతిపంపు చూపిస్తూ.

చేతిపంపుతో 200 బార్ అంటే సైకిల్‌కి గాలి కొట్టడం కాదు. సగం దాటాక ఒంటి బరువంతా వేసినా పిడి కిందికి దిగదు. మధ్యలో పంపు వేడెక్కుతుంది, ఆగాలి. తేమ సిలిండర్‌లోకి పోతుందేమోనన్న భయం ఒకటి. పక్క లేన్ ఆయన తన గాలి పంచుతానన్నాడు పాపం, కానీ ఆయన పిస్టల్ కంపెనీ వేరు, అడాప్టర్ కుదరలేదు. చెమటలు కక్కి కొంత ఎక్కించి లేన్‌లో నిలబడితే గురి చూసే ఫ్రంట్ సైట్ గుండెతో పాటు కొట్టుకుంటోంది. భుజం నిలవదు, మణికట్టు నిలవదు. ఆ పూట కొట్టినదాన్ని ప్రాక్టీస్ అనలేను. అంతకన్నా ఇంట్లో గోడకి ఎదురుగా నిలబడి డ్రై ఫైరింగ్, అంటే పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన, చేసుకున్నా మేలే.

అది ఒక్కసారి జరిగిందైతే రాసేవాణ్ణి కాదు. తర్వాత కూడా బాగవడం, ఆగిపోవడం. ఏడాది ఫీజు ముందే కట్టేశాం కనుక మన మాటకి తొందర ఉండదు.

చేరిన కొత్తలో స్క్రీన్‌ని తెగ పొగిడాను. షాట్ పడగానే 10.3, 9.8 అని దశాంశాల్లో చూపిస్తుంది మరి. ఇప్పుడు అంత పొగడను. పది మీటర్ల రైఫిల్ వాళ్లకి క్వాలిఫికేషన్‌లో, అంటే ఫైనల్‌కి ముందు రౌండులో, దశాంశాలే లెక్క, వాళ్లకది ప్రాణం. పిస్టల్‌కి ఆ రౌండులో 10.0 అయినా 10.9 అయినా పదే. ప్రతి షాట్‌కీ స్క్రీన్ వైపు తల తిప్పే జబ్బు అంటుకుంది. ఈమధ్య స్క్రీన్ మీద తువ్వాలు వేసి పదేసి షాట్లకోసారి చూస్తున్నాను.

వదల్లేనిది మాత్రం ఒకటుంది. కొన్ని ఆదివారాలు మెంబర్లంతా వరసగా నిలబడి మ్యాచ్‌లా ఆడతారు, గడియారం పెట్టుకుని. పక్కవాడు వరసగా పదులు కొడుతుంటే మన ట్రిగ్గర్ వేలు ఎలా బిగుసుకుపోతుందో ఇంట్లో ఎంత ప్రాక్టీస్ చేసినా తెలియదు.

వారం మధ్యలో వెళ్లగలిగేవాళ్లు, కొండాపూర్ వైపు ఉండేవాళ్లు ఆలోచించకుండా కట్టేయొచ్చు. పోటీలకి వెళ్లే పిల్లలకి ఎంత దూరమైనా తప్పదు. నాకు ఉద్యోగం, తూర్పున ఇల్లు, మా అమ్మాయికి ఈసారి టెన్త్. ఏడాదికి కట్టను, మూడు నెలలకి ఇస్తే తీసుకుంటాను. అదీ సిలిండర్ ఇంట్లోనే నింపుకునే ఏర్పాటు ముందు చూసుకున్నాకే.