మణికట్టు బెల్టు నిద్రయితే తిరిగి ఇచ్చింది, కానీ దుకాణంలో ఇచ్చింది ఇచ్చినట్టు కట్టుకోకండి

మాది ఒడిశాలోని బరంపురం. ఇక్కడి తెలుగిళ్లలో అప్పడాలు ఒత్తడం చాలామందికి జీవనం, నేనూ పద్దెనిమిదేళ్లుగా అదే చేస్తున్నాను. పోయిన ఠాకురాణీ యాత్రకి (మా ఊరి అమ్మవారి జాతర) ముందు ఆర్డర్లు ఎక్కువొచ్చి పొద్దున్నించి రాత్రిదాకా పీట ముందే కూర్చున్నాను, ఆ నెలలోనే కుడిచేతికి మొదలైంది. పగలు పెద్దగా తెలిసేది కాదు. రాత్రి రెండు మూడు గంటలకి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు మొద్దుబారి, లోపల చీమలు పాకుతున్నట్టు, కారం రాసినట్టు మంటెత్తి మెలకువ వచ్చేసేది. లేచి కూర్చుని చెయ్యి వేలాడేసి విదిలిస్తే కాసేపు తగ్గేది, పడుకుంటే మళ్లీ అదే. కొన్నాళ్లకి పనిలోనూ తెలిసింది. అప్పడం అంచు పలచబడిందో లేదో వేలి కొసకే తెలియాలి, కళ్లకి తెలియదు. నా వేలికి తెలియడం మానేసింది, అంచులు మందంగా వస్తున్నాయి.

ఒక మందుల షాపులో అడిగితే నరాల బలహీనత అని బి12 మాత్రలు, బొటనవేలికి తగిలించుకునే ఓ సాగే పట్టీ ఇచ్చారు. రెండు నెలలు వాడాను, మార్పేమీ లేదు. బి12 తక్కువున్న వాళ్లకి ఆ మాత్రలు కావాలి, కాదనను, కానీ మణికట్టులో నొక్కుకుపోయిన నరాన్ని మాత్ర వదిలించలేదు కదా. ఆ సాగే పట్టీ కూడా మెత్తటిది, చెయ్యి వంగకుండా ఆపదు, పైగా బిగుతుగా పట్టుకుంటుంది.

చివరికి మా వదిన బలవంతంగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన మొదట అడిగింది చిటికెనవేలికి ఉందా అని. లేదన్నాను. రెండు అరచేతుల వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందకి వేలాడేలా ఒక్క నిమిషం ఉంచమన్నారు, నిమిషం కాకుండానే కుడిచెయ్యి జివ్వుమంది. కార్పల్ టన్నెల్ అన్నారు. మణికట్టులో ఎముకలు, వాటిమీద అడ్డంగా ఉండే గట్టి పట్టీ కలిసి ఓ ఇరుకు సొరంగంలా ఉంటాయట. వేళ్లని ముడిచే, తాళ్లలాంటి తొమ్మిది స్నాయువులూ, మీడియన్ అనే నరమూ అందులోంచే వెళ్లాలి. స్నాయువుల చుట్టూ వాపొస్తే నరానికి చోటు చాలదు. బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లు, ఉంగరపు వేలిలో సగం ఆ నరానివి, చిటికెనవేలిది వేరే నరం. అందుకే ఆ ప్రశ్న. చిటికెనవేలు మొద్దుబారితే మోచెయ్యి దగ్గర చూడాలి, మెడ నుంచి కూడా ఇలాంటి తిమ్మిరి రావచ్చు, కాబట్టి ఇది చదివి మీకు మీరే ఖాయం చేసుకోకండి. నాకు నరంలో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూసే పరీక్ష, షుగరు, థైరాయిడ్ పరీక్షలు రాశారు. థైరాయిడ్ తేలింది! అది తక్కువున్నా, షుగరున్నా, గర్భంతో ఉన్నా ఈ సమస్య ఎక్కువట.

ఇక బెల్టు సంగతి. రాత్రిపూట వేసుకోమని స్ప్లింట్, అంటే మణికట్టు వంగకుండా పట్టే బెల్టు, రాశారు, బడా బజార్ వైపు ఒక దుకాణంలో 450 రూపాయలకి కొన్నాను. అరచేతి వైపు జేబులో వెడల్పాటి అల్యూమినియం పట్టీ, మూడు వెల్క్రో పట్టీలు. మణికట్టు చుట్టుకొలత తీసుకోకుండానే సైజు ఇచ్చేశారు, ఆ అవసరం ఉందని నాకూ తెలియదు. నాలుగు రాత్రులు వేసుకున్నా తిమ్మిరి అలాగే ఉంది, నొప్పి ఇంకా పెరిగింది. ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి పట్టుకెళ్తే, జేబులోంచి ఆ పట్టీ బయటికి లాగి చూపించింది. చెయ్యి వెనక్కి ఎత్తి పట్టుకున్నట్టు వంపు తిరిగి ఉంది. చాలావాటికి అలాగే వస్తుందట. నరం మీద ఒత్తిడి తక్కువుండేది మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు, కిందికి వంగినా పైకి లేచినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ అమ్మాయి పట్టీని బల్ల అంచుకి ఆనించి రెండు బొటనవేళ్లతో నొక్కి నొక్కి సాపు చేసింది, నా ముంజేతి మీద పెట్టి చూసింది, ఇంకాస్త నొక్కింది, నడిమివేలు ముంజేతికి తిన్నగా వచ్చాక అప్పుడు జేబులో దోపింది. "వేళ్లు పూర్తిగా ముడవగలగాలి, వెల్క్రో పట్టీ కింద చిటికెనవేలు దూరాలి, అంతకన్నా బిగించకండి" అంది.

ఆ రోజు నుంచి వారం తిరక్కుండా తెల్లారేదాకా నిద్రపోయాను. ఆరు వారాలు ఒక్క రాత్రి మానకుండా వేసుకున్నాను. ఇదే సమయంలో థైరాయిడ్ మందు కూడా మొదలైంది, కాబట్టి మొత్తం ఘనత బెల్టుదే అనను, కానీ మొదటి వారం మార్పు మాత్రం పట్టీ సాపు చేసినందుకే అని నా నమ్మకం.

ఇబ్బందులూ ఉన్నాయి. మన ఉక్కపోతకి రెండు రోజులకే చెమట వాసన పట్టేస్తుంది, అల్యూమినియం పట్టీ తీసేసి బెల్టుని చేత్తో ఉతికి నీడన ఆరేయాలి, వానాకాలం ఒక పూటకి ఆరదు. వెల్క్రో దుప్పటి దారాలు పీకేస్తుంది. పనిచేసేటప్పుడు వేసుకుందామని చూశాను, కుదరలేదు, బెల్టు మీద అప్పడాల కర్ర తోయాలంటే భుజం పట్టేసింది. పనిలో మార్పులు వేరే చేసుకోవాల్సి వచ్చింది. పిండి దంచడం మా అబ్బాయికి అప్పజెప్పాను, సన్నకర్రకి బదులు లావుది చేయించాను, అరచేతి మడమతో అదమకుండా మణికట్టు తిన్నగా ఉంచి తోస్తున్నాను, అరగంటకోసారి లేస్తున్నాను.

ఒక్కమాట గట్టిగా చెప్పాలి. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ చదునైపోతున్నా, రవిక హుక్కు పెట్టుకోలేకపోతున్నా, చేతిలో గ్లాసు జారిపోతున్నా బెల్టు కొనుక్కుని ఇంట్లో కూర్చోవద్దు. మా వీధిలో ఒకావిడ అలాగే ఏళ్లు గడిపింది. ఆపరేషన్ చేసి మణికట్టులోని ఆ అడ్డపట్టీని కోశారు, రాత్రి నొప్పి పోయింది, కానీ కండ మళ్లీ రాలేదు. ఇంజక్షన్‌కి కూడా కొంతమందికి కొన్ని నెలలు ఉపశమనం ఉంటుందని మా డాక్టర్ చెప్పారు, నాకు ఆ అవసరం రాలేదు.

నడిమివేలి కొస ఇంకా కాస్త మొద్దుగానే ఉంది, అయినా అప్పడం అంచు మళ్లీ తెలుస్తోంది. ఈ మధ్య ఎడమచేతికీ తెల్లవారుజామున తిమ్మిరి తగులుతోంది. నిన్న టేపుతో కొలుచుకున్నాను, పదహారు సెంటీమీటర్లు. రేపు వెళ్లి ఎడమచేతిదే అడిగి, పట్టీ అక్కడే బయటికి తీయించి చూసి, సాపు చేసుకోవడానికి లొంగేదైతేనే డబ్బులిస్తాను.