రోడ్ బైక్‌కు 32 మి.మీ. టైర్లు: కాంటినెంటల్ గ్రాండ్ ప్రీ 5000 సమీక్ష

రోడ్ బైక్ మీద గంటన్నర దాటేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయనీ, నడుము పట్టేస్తోందనీ చెప్పేవారిలో చాలామంది ముందుగా జెల్ సీటు కవరో, దళసరి గ్లవుజులో కొంటారు. నా దృష్టిలో ఆ డబ్బు మొదట పెట్టవలసింది టైర్ల మీద. సస్పెన్షన్ లేని సైకిలులో రోడ్డు దెబ్బను మనిషి దాకా రానీయకుండా అన్నిటికంటే ఎక్కువగా అడ్డుకునేది టైరులోని గాలే. జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో పేటెంటు పొందిన గాలి టైరు కూడా బెల్‌ఫాస్ట్‌లో తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించాలనే ఆలోచన నుంచే పుట్టింది. నేను 25 మి.మీ. టైర్లు తీసివేసి, కాంటినెంటల్ వారి గ్రాండ్ ప్రీ 5000 టైర్లను 32 మి.మీ. వెడల్పులో వేయించి, హైదరాబాదు చుట్టుపక్కల రోడ్ల మీద ఎండల్లోనూ వానల్లోనూ తొక్కిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

ఈ టైరు 2018 నవంబరులో మార్కెట్లోకి వచ్చింది; జర్మనీలోని కోర్‌బాఖ్ పట్టణంలో తయారవుతుంది. నేలను తాకే రబ్బరును బ్లాక్ చిల్లీ అనే మిశ్రమంతో చేస్తారు, దాని కింద పంక్చర్ల నుంచి కాపాడటానికి వెక్ట్రాన్ అనే గట్టి కృత్రిమ నూలు పట్టీ ఉంటుంది. టైరు ఎంత అరిగిందో తెలియడానికి నడిమి భాగంలో చిన్న గుంటలు ఉంటాయి, అవి కనిపించకుండా పోతే టైరు మార్చే సమయం వచ్చినట్టే. ఇదే టైరు 25 మి.మీ. రకంతో పోలిస్తే 32 మి.మీ. రకం ఒక్కోటి సుమారు 70 గ్రాములు బరువెక్కువ. ట్యూబు లేకుండా వాడుకునే ఎస్ టీఆర్ రకం 2021లో వచ్చింది, కాని దారి మధ్యలో ఒంటరిగా మరమ్మతు చేసుకోవలసి వచ్చే మన పరిస్థితుల్లో ట్యూబు రకమే తేలిక అని నేను దీన్నే ఎంచుకున్నాను.

ఇక అసలు విషయం. వెడల్పు టైరు వేసినంత మాత్రాన సుఖం రాదు, గాలి తగ్గించినప్పుడే వస్తుంది. టైరు గోడ మీద పడే బిగువు లోపలి పీడనం మీదా, టైరు అడ్డుకొలత మీదా కలిసి ఆధారపడుతుంది. అంటే 25 మి.మీ. టైరులో కొట్టిన 95 పి.ఎస్.ఐ. (గాలి పీడనం కొలత) గాలినే 32 మి.మీ. టైరులో కూడా కొడితే గోడ ఇంకా ఎక్కువగా బిగుసుకుని, సైకిలు ముందుకంటే గట్టిగా తగులుతుంది. వెడల్పు టైర్లు వేయించుకున్నా తేడా ఏమీ తెలియలేదని చెప్పేవారిలో చాలామంది పాత అలవాటు ప్రకారం రాయిలా గాలి కొట్టినవారే. సైకిల్ ఇంజనీరు ఫ్రాంక్ బెర్టో చెప్పిన ఉపయోగకరమైన కొలత ఒకటి ఉంది: మనిషి ఎక్కి కూర్చున్నప్పుడు టైరు తన ఎత్తులో సుమారు 15 శాతం అణగాలి. బరువులో ఎక్కువ పాలు వెనుక చక్రం మీదే పడుతుంది కనుక ముందు చక్రంలో గాలి ఇంకొంచెం తక్కువ ఉండాలి. దాదాపు 70 కిలోల బరువున్న నేను వెనుక 60, ముందు 55 పి.ఎస్.ఐ. దగ్గర స్థిరపడ్డాను. మీ బరువును బట్టి, సైకిలు మీద వేసుకునే సామాను బరువును బట్టి ఇది మారుతుంది, అందువల్ల ఒక్కోసారి మూడు నాలుగు పి.ఎస్.ఐ. చొప్పున తగ్గిస్తూ, తెలిసిన రోడ్డు మీదే తొక్కి చూసుకోవడం మంచిది. దీనికి కాలితో తొక్కిపట్టి కొట్టే, మీటరున్న గాలి పంపు ఇంట్లో తప్పనిసరిగా ఉండాలి. బొటనవేలితో నొక్కి చూసి ఈ తేడాలు కనిపెట్టడం ఎవరికీ సాధ్యం కాదు.

2023లో ఔటర్ రింగ్ రోడ్డు వెంట తెరిచిన సౌర పలకల కప్పు కింద, 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద ఈ టైర్లకూ పాత టైర్లకూ పెద్ద తేడా కనిపించదు, ఎందుకంటే ఆ దారి నున్నగా ఉంటుంది. చేవెళ్ళ దాటి వికారాబాదు వైపు వెళ్ళేటప్పుడు పైపొర అరిగి కంకర తేలిన చోట్ల మాత్రం ఇది వేరే సైకిలేమో అనిపిస్తుంది. చేతుల్లోకి ఎడతెగకుండా వచ్చే సన్నని వణుకు దాదాపు పోతుంది. స్పీడ్ బ్రేకర్లకు ముందు వరుసగా వేసే తెల్ల పట్టీల మీద పళ్ళు కొట్టుకునేటంత అదురు కాస్తా ఓర్చుకోదగిన చప్పుడుగా మారుతుంది. పెద్ద గుంతకు ఏ టైరూ సమాధానం కాదు, అక్కడ లేచి నిలబడి మోకాళ్ళు వదులుగా ఉంచవలసిందే.

వేగం తగ్గుతుందేమోనన్న భయం ఇంకా చాలామందిలో ఉంది, ఈ సమీక్ష ముఖ్యంగా వారి కోసమే. బరుకు రోడ్డు మీద రాయిలాంటి టైరు ప్రతి చిన్న ఎగుడుకూ సైకిలునూ మనిషినీ కలిపి పైకి ఎత్తుతుంది, ఆ ఎత్తడానికి ఖర్చయ్యే శక్తి మన కాళ్ళదే. మెత్తని టైరు ఆ ఎగుడును తనలోకి తీసుకుని ముందుకు సాగిపోతుంది. సుమారు 55 కిలోమీటర్లు రాళ్ళు పరిచిన బాట ఉండే ఫ్రాన్సులోని పారీ–రూబే సైకిల్ పందెంలోనే కాదు, మామూలు రోడ్డు పందేల్లోనూ ఒకప్పుడు 23 మి.మీ. వాడిన వృత్తి రైడర్లు ఇప్పుడు 28 మి.మీ., అంతకు మించిన వెడల్పు టైర్లు వాడుతున్నది సుఖం కోసం మాత్రమే కాదు. పదమూడున్నర గంటల గడువులో 200 కిలోమీటర్లు పూర్తి చేయవలసిన బీఆర్‌ఎం అనే దూరపు సైకిల్ రైడ్లకు వెళ్ళేవారికి చివరి 50 కిలోమీటర్లలో ఒళ్ళు తాజాగా ఉండటమే అన్నిటికంటే పెద్ద వేగం.

పంక్చర్ల సంగతికి వస్తే, గుంత అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడే ప్రమాదం వెడల్పు టైరులో తగ్గుతుంది, అయితే గాలిని అతిగా తగ్గిస్తే ఆ ప్రమాదం మళ్ళీ వస్తుంది. తుమ్మ ముల్లు నిలువుగా దిగితే వెక్ట్రాన్ పట్టీ ఉన్నా లాభం లేదు. మెత్తదనం కోసం టైరు పక్క గోడలను పల్చగా ఉంచారు కనుక, తరచూ పదునైన కంకర మీద, తెగిన తారు అంచుల మీద తొక్కేవారు దీనికి బదులు మందమైన గోడలున్న టూరింగ్ టైరు చూసుకోవడం మేలు. కొంత మెత్తదనం తగ్గినా ఎక్కువ కాలం వస్తుంది.

టైర్లు చేయలేని పని ఒకటుంది. ఉంగరపు వేలు, చిటికెన వేలు మొద్దుబారుతుంటే సాధారణంగా అరచేతి అంచున వెళ్ళే అల్నార్ నాడి మీద భారం పడుతోందని అర్థం. సీటు ముక్కు కిందికి వంగి ఉండటం వల్లనో, హ్యాండిల్ మరీ దూరంగా ఉండటం వల్లనో శరీర బరువు చేతుల మీదికి జారుతుంటే ఎంత మెత్తని టైరైనా దాన్ని సరిచేయదు. సీటు ఎత్తు, వంపు, హ్యాండిల్ దూరం ముందు తెలిసినవారితో సరిచేయించుకుని, ఆ తరువాత టైర్ల గురించి ఆలోచించండి.

ధర తక్కువేమీ కాదు, జతకు చాలా వేలు పెట్టాలి. వారానికి ఒక ఉదయం మాత్రమే, అదీ నున్నని రోడ్డు మీదే తొక్కేవారికి ఇంత ఖర్చు అవసరం లేదనే అంటాను. దూరాలు తొక్కేవారికి మాత్రం ఖరీదైన చక్రాల కంటే ముందు దీన్నే సిఫారసు చేస్తాను. కొనే ముందు సైకిలు ఫ్రేములో, ఫోర్కులో చోటు కొలిపించుకోవడం అత్యవసరం. డిస్కు బ్రేకులున్న కొత్త సైకిళ్ళలో చాలావాటికి 32 మి.మీ. పడుతుంది, రిమ్ము బ్రేకులున్న పాత సైకిళ్ళలో 25 లేదా 28తో ఆగిపోవలసి ఉంటుంది. లోపలి వెడల్పు ఎక్కువున్న రిమ్ము మీద టైరు పక్కన రాసినదానికంటే ఒకటి రెండు మి.మీ. లావుగా ఉబ్బవచ్చు కనుక, గాలి కొట్టిన తరువాత కూడా ఇరువైపులా కనీసం 4 మి.మీ. ఖాళీ మిగలాలి. అంత చోటు లేకపోతే 32 కోసం పట్టుబట్టకుండా ఇదే టైరును 28 మి.మీ.లో తీసుకుని, వెనుక 75 పి.ఎస్.ఐ. దగ్గర మొదలుపెట్టి, మీ ఒంటికి సరిపోయేదాకా కొద్దికొద్దిగా తగ్గించి చూడండి.