నిండు ఫ్రిజ్, ఖాళీ ఫ్రిజ్: ఏది మేలు?
ఖాళీ ఫ్రిజ్ తలుపు తీయగానే చల్లగాలి కిందికి జారిపోయి, వేడిగాలి దూరుతుంది. నిండుగా ఉంటే జారిపోయే గాలే తక్కువ. పైగా లీటరు నీళ్లు పట్టి ఉంచే చల్లదనం లీటరు గాలి కంటే 3,000 రెట్లకు పైమాటే. అందుకే ఎండాకాలం కరెంటు పోయినా, నాలుగు నీళ్ల సీసాలున్న ఫ్రిజ్‌లో పాలు ఇంకాస్త సేపు ఆగుతాయి.

అలాగని బిల్లు సగమైపోదు. వేడి ఎక్కువగా గోడల గుండానే వస్తుంది, లోపల ఏమున్నా దానికి పట్టదు. ఆ సీసాలను మొదట చల్లబరచడానికీ కరెంటు కావాలిగా!

కుక్కితే మాత్రం నష్టమే. మొన్న పండగ మర్నాడు మా పులిహోర గిన్నె గాలి వచ్చే కన్నాలకు అడ్డుపడింది. వెనక కొత్తిమీర గడ్డకట్టింది, తలుపులో పాలు విరిగాయి. నా ఓటు ముప్పావు నిండిన ఫ్రిజ్‌కే.