‘ఉచిత బ్యాకప్’ అన్న ఒక్క మాట: చవక హోస్టింగ్‌తో నా ఏడేళ్లు

నా కథల సైటును ఏడేళ్లుగా ఒకే హోస్టింగ్ కంపెనీలో, అంటే సైటు పెట్టుకోవడానికి తమ సర్వర్లలో చోటు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర, నడుపుతున్నాను. స్థలం ఎంత, బ్యాండ్‌విడ్త్ ఎంత, సర్వరు ముంబైలో ఉందా సింగపూర్‌లో ఉందా అన్న సంగతులు ఇక్కడ రాయను. కథలు పెట్టుకునేవాళ్లకు ఏ చిన్న ప్లాన్ తీసుకున్నా అవి సరిపోగా మిగులుతాయి. నేను రాసేది ప్లాన్ పేజీలో ఆకుపచ్చ టిక్కు పక్కన ఉండే ఒక్క మాట గురించి. ‘ఉచిత బ్యాకప్’. ఆ మాట నమ్మి నేను పోగొట్టుకున్నదాంట్లో కొంత ఇంకా తిరిగి రాలేదు.

2018 ఆగస్టులో నెలకు 99 రూపాయల చొప్పున మూడేళ్లకు ఒకేసారి కట్టాను. జీఎస్టీతో కలిపి 4,200 పైచిలుకు. అప్పటిదాకా ఉచిత బ్లాగులో రాసుకునేదాన్ని. సొంత పేరుతో సైటు తెరుచుకున్న రోజు ఇంటిల్లిపాదికీ చూపించాను. పేజీ నొక్కగానే వచ్చేస్తోందని మురిసిపోయి, రాసే స్నేహితులు ఐదారుగురిచేత ఇదే కొనిపించాను. ఆ వేగం ఇప్పటికీ ఉంది, కాదనను. కాకపోతే నా సైటులో ఉన్నవన్నీ అక్షరాలే. ప్రయాణాల ఫొటోలు పెట్టే స్నేహితురాలి సైటు ఇదే ప్లాన్‌లో సాయంత్రం వేళ బాగా నెమ్మదించేది. చవక అన్న మాట కూడా మొదటి మూడేళ్లకే. 2021లో రెన్యువల్‌కి వచ్చేసరికి నెలకు 279 అయింది. మూడేళ్లకు, పన్నుతో, పన్నెండు వేలకు కాస్త తక్కువ. 24 గంటలూ చాట్‌లో మనిషి దొరుకుతాడన్న ధైర్యంతో అదీ కట్టాను.

2022 సెప్టెంబరులో ఒక మెయిల్ వచ్చింది. శనివారం రాత్రి మీ సైటును కొత్త సర్వరుకు మారుస్తున్నాం, మీరేమీ చేయనక్కర్లేదు అని. ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఫోన్‌లో సైటు తెరిచాను. తెలుగు లేదు. ఎక్కడ చూసినా నెత్తిన వాలుగీత ఉన్న చిన్న ఇంగ్లీషు ‘ఎ’, దాని పక్కన డిగ్రీ గుర్తో, ప్లస్-మైనస్ గుర్తో. పేజీ పొడుగునా అవే. చేతులు వణికాయి.

చాట్‌లో రెండు నిమిషాల్లో ఒకబ్బాయి వచ్చాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఫొటో తీసి పంపితే చూసి, ‘అర్థమైంది మేడమ్, మళ్లీ సరిగ్గా మారుస్తాం, అరగంట ఆగండి’ అన్నాడు. అరగంటకు ఆ గుర్తులన్నీ పోయాయి. వాటి చోట ప్రశ్నార్థకాలు వచ్చాయి. నూట నలభై రచనల్లో, శీర్షికల నుంచి చివరి వాక్యం దాకా. ‘ఇప్పుడు బాగుందా మేడమ్?’ అని అడిగాడు. అతనికి తెలుగు రాదు. మీ కంప్యూటర్‌లో ఫాంట్ లేదేమో చూడండి అని కూడా అన్నాడు.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో డేటాబేస్‌ల పని చేస్తాడు. వాడికి ఫోన్ చేశాను. ముందు ఏం కనిపించింది, తర్వాత ఏం కనిపించింది అని రెండుసార్లు అడిగాడు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘అత్తా, పొద్దున ఆ గీతల ‘ఎ’లు ఉన్నప్పుడే నాకు చేసి ఉంటే బాగుండేది’ అన్నాడు.

వాడు చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. కంప్యూటరు యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ చోటున్న పద్ధతిలో, ఒక్కో తెలుగు అక్షరాన్నీ, గుణింతపు గుర్తునూ మూడేసి ముక్కలుగా దాచుకుంటుంది. ‘తెలుగు’ అన్న మాటలో అలాంటి గుర్తులు ఆరు, అంటే పద్దెనిమిది ముక్కలు. ఆ ముక్కల్ని ‘లాటిన్-1’ అనే పాత పద్ధతిలో చదివితే మూడు ముక్కలూ మూడు వేరే అక్షరాల్లా కనిపిస్తాయి. తెలుగులో ప్రతిదానికీ మొదటి ముక్క ఒకటే కాబట్టి అదే ‘ఎ’ పేజీ అంతా వస్తుంది. చూడ్డానికి ఘోరంగా ఉన్నా లోపల సరుకు పోదు, తిరిగి తెచ్చుకోవచ్చు. రెండోసారి మార్చినప్పుడు వాళ్లు పాత సర్వరు నుంచి తీసేటప్పుడే లాటిన్-1 పెట్టారు. ఆ పద్ధతిలో తెలుగుకు చోటు లేదు. చోటు లేని ప్రతి గుర్తుకూ ఒక ప్రశ్నార్థకం రాసుకుపోయింది. అక్కడ లోపల కూడా ఇంకేమీ లేదు. ప్రశ్నార్థకమే ఉంది.

ఇది పాతకాలపు సమస్య కదా అనుకోవచ్చు. నా బోటి సైట్ల రాతలు దాచే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 2018లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి యుటిఎఫ్8ఎంబి4 అన్న పద్ధతినే మామూలుగా పెట్టుకుంటోంది, అందులో మన అక్షరాలకు ఏ ఢోకా లేదు. అంతకు ముందు వెర్షన్లలో మామూలుగా ఉండేది ఆ లాటిన్-1 పద్ధతే. ఒక సర్వరు నుంచి ఇంకో సర్వరుకు మార్చే పాత అలవాట్లు, పాత స్క్రిప్టులు ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. ఇంగ్లీషు సైటుకు వాటివల్ల పెద్దగా ఏమీ కాదు, అందుకే ఎవరి కంటా పడవు.

సరే, బ్యాకప్ ఉందిగా అనుకున్నాను. సోమవారం అడిగాను. బ్యాకప్ ఉచితమే, దాన్ని తిరిగి పెట్టడానికి 999 రూపాయలు అవుతుందన్నారు. కట్టాను. రెండు గంటల తర్వాత సైటు తెరిస్తే మళ్లీ ప్రశ్నార్థకాలే. అప్పుడు తెలిసింది, వాళ్ల ఉచిత బ్యాకప్ వారానికోసారి, ఆదివారం రాత్రి. కాపీ ఒక్కటే. కొత్తది తీయగానే పాతదాన్ని చెరిపేస్తుంది. నా అక్షరాలు పోయింది ఆదివారం పొద్దున. ఆ రాత్రి వాళ్ల యంత్రం శ్రద్ధగా ఆ ప్రశ్నార్థకాలను బ్యాకప్ తీసి, అంతకు ముందు వారం కథల్ని చెరిపేసింది. నిబంధనల పేజీలో అడుగున ఆ సంగతి రాసే ఉంది. బ్యాకప్‌కు మా పూచీ లేదని కూడా ఉంది. ఆకుపచ్చ టిక్కు పక్కన మాత్రం లేదు. నా కోపమంతా అక్కడే.

ఆ 999 మాత్రం తిరిగి ఇచ్చారు. పాత సర్వరు అప్పటికే ఖాళీ చేసేశామన్నారు.

తర్వాత నాలుగు నెలలు నా పని ఏరుకోవడమే. పాత వెబ్‌పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో డెబ్బై నాలుగు పేజీలు దొరికాయి, కొన్నింటి కింద పాఠకుల మాటలతో సహా. ముప్పై ఎనిమిది కథలు పుస్తకం వేసినప్పటి పేజ్‌మేకర్ ఫైళ్లలో ఉన్నాయి, అన్నీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో. యూనికోడ్‌లోకి మారిస్తే ఒత్తులు చెదిరిపోయాయి, ఒక్కో కథా ఒక్కో పూట దిద్దుకున్నాను. పందొమ్మిది కథలు డల్లాస్‌లో ఉన్న ఒక పాఠకురాలి మెయిల్ పెట్టెలో ఉన్నాయి. కొత్త కథ పెట్టినప్పుడల్లా సైటు నుంచి మెయిల్‌గా పూర్తి కథ వెళ్లేది. ఆవిడ ఒక్కటీ తీసేయలేదు. అడిగిన రాత్రే అన్నీ పంపింది. మిగిలిన తొమ్మిది కథలూ పత్రికల్లో అచ్చైనవి చూసి మళ్లీ టైపు చేశాను.

ఈ గొడవలో ఒక మంచి కూడా ఎదురైంది. ఏ ప్రశ్నార్థకాల గుట్ట ఏ కథో తెలియక తలపట్టుకుంటే మేనల్లుడు లింకులు చూడమన్నాడు. నా సైటు నడిచే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెలుగు శీర్షిక లింకుగా మారినప్పుడు ఒక్కో గుర్తూ పర్సెంట్ గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో తొమ్మిది అక్షరాలవుతుంది. వాట్సాప్‌లో ఎవరికైనా పంపితే బారెడు కనిపించేది, నాకదంటే చిరాకుగా ఉండేది. ఆ వికారపు రూపమే ఇప్పుడు ఆదుకుంది. అందులో తెలుగు లేదు కాబట్టి ప్రశ్నార్థకం కాలేదు. వాడు వాటిని విప్పగానే శీర్షికలు లేచి వచ్చాయి. లింకుకు 200 అక్షరాలే హద్దు, అంటే ఇరవై రెండు తెలుగు గుర్తులు. అందుకని పొడుగు పేర్లు మధ్యలో తెగాయి. ‘కృష్ణమ్మ ఒడ్డున అత్తగారిల్లు’ అన్న కథ ‘కృష్ణమ్మ ఒడ్డున అత్తగారి’ దాకా వచ్చి ఆగింది. అది స్క్రీన్ మీద కనిపించినప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు.

రానివి రెండు. ఒకటి, పాఠకుల కామెంట్లలో సగానికి పైగా. రెండోది, ఇంకా ప్రచురించని మూడు డ్రాఫ్టులు. డ్రాఫ్టు బయటివాళ్లకు కనిపించదు, కాబట్టి వేబ్యాక్‌లో ఉండదు, మెయిల్‌లో వెళ్లదు, లింకు కూడా ఉండదు. అందులో ఒకటి మా అమ్మ గురించి రాస్తున్నది. పదకొండు పేరాలు. ఖాళీలు, కామాలు, ఫుల్‌స్టాప్‌లు, మాటల చుట్టూ కోట్‌లు, ‘1974’ అన్న అంకె, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. గుర్తుకొక ప్రశ్నార్థకం కాబట్టి లెక్కపెట్టి చదవొచ్చునేమో అనిపించింది. నాలుగు ప్రశ్నార్థకాలు కలిసి ఉంటే అమ్మ. అక్క కూడా నాలుగే. అన్న కూడా నాలుగే. ఐదుంటే నాన్న కావచ్చు, ఇల్లు కావచ్చు. మొదటి పేరా అలా కూర్చుని రాబట్టాను, రెండో పేరాలో వదిలేశాను.

మరి ఇంత జరిగాక అక్కడే ఎందుకున్నావని స్నేహితులు అడిగారు. డబ్బు వెనక్కిచ్చే గడువు ముప్పై రోజులే, అప్పటికి రెండేళ్ల పైకం వాళ్ల దగ్గర ఉంది. ఇంకోసారి సైటు మార్చాలంటే నాకు భయం. 2024లో గడువు తీరేనాటికి కంటి ఆపరేషన్ అయి ఉన్నాను, అందుకని ఒక్క ఏడాదికే కట్టి ఊరుకున్నాను. ఆ తర్వాత వాళ్ల వల్ల ఏ ఇబ్బందీ రాలేదని కూడా చెప్పాలి. కానీ ఇప్పుడు ప్రతి ఆదివారం నేనే డేటాబేస్ కాపీ దింపుకుంటాను, తేదీ పేరు పెట్టి. ఎనిమిది వారాలవి ఎప్పుడూ పెన్‌డ్రైవ్‌లో ఉంటాయి. నెలకొకసారి అందులో ఒక ఫైలు తెరిచి తెలుగు తెలుగులాగే ఉందో లేదో కళ్లతో చూస్తాను. డొమైన్ పేరు, అంటే సైటు చిరునామా, మొదటి నుంచీ వేరే చోట కొన్నాను. హోస్టింగ్ వాళ్లు మొదటి ఏడాది డొమైన్ ఉచితం అన్నా తీసుకోలేదు. నేను తీసుకున్న నిర్ణయాల్లో అది మాత్రం మంచిది. రేపు ఇల్లు మారినా చిరునామా నాదే.

కొత్తగా రాసేవాళ్లు ఎవరైనా అడిగితే, ధర తర్వాత చూడండి, ముందు కంపెనీకి ఒక మెయిల్ రాయండి అంటాను. ఎన్ని రోజుల కాపీలు ఉంచుతారు, అవి అదే సర్వరులో ఉంటాయా వేరేచోట ఉంటాయా, తిరిగి పెట్టడానికి డబ్బు తీసుకుంటారా, డేటాబేస్ యుటిఎఫ్8ఎంబి4లోనే ఉంటుందా అని. ‘అంతా భద్రమే, నిశ్చింతగా ఉండండి’ అని జవాబొస్తే అది జవాబు కాదు. ఫొటోలు, వీడియోలు ఉన్నవాళ్ల లెక్క వేరు, దాని గురించి నేను చెప్పలేను. నెలకు నాలుగైదు వందల మంది చదివే నా బోటి సైటుకు మాత్రం వేగం కన్నా ఇదే ముఖ్యం.

ఈ ఆగస్టులో నా గడువు మళ్లీ తీరుతుంది. నేను మెయిల్ రాసిన మూడు కంపెనీల్లో ఒకటి సూటిగా చెప్పింది. రోజూ కాపీ, పద్నాలుగు రోజులవి, వేరే ఊరి సర్వరులో, తిరిగి పెట్టడం ఉచితం. నెలకు 60 రూపాయలు ఎక్కువ. ఒక్క నెలకే డబ్బు కట్టి పది కథలు అక్కడ పెట్టాను. ‘స్వాతంత్ర్యం’, ‘లక్ష్మి’ లాంటి ఒత్తుల మాటలన్నీ ఉన్న పేజీ ఒకటి రాసి, కావాలని చెరిపేసి, వారం కిందటి కాపీ తిరిగి పెట్టమన్నాను. పెట్టారు. అక్షరం చెదరలేదు. మరో వారం ఆగి మొత్తం చెరిపేసి మళ్లీ అడిగాను, మళ్లీ సరిగ్గానే వచ్చింది. ఇంకో రెండు ఆదివారాలు చూసి మిగతా కథలు పంపుతాను.