జన్నారంలో రెండు రాత్రులు, కుంటాలలో ఒక పూట

హన్మకొండ నుంచి కవ్వాల్ అడవికి, కుంటాల జలపాతానికి బండి మీద పోదామనుకున్నాక మాకు తేలనిది ఒక్కటే: ఎప్పుడు పోవాలి? ఎండాకాలమైతే జంతువులు నీటిగుంటల దగ్గరికి వస్తాయి గానీ కుంటాలలో నీళ్ళుండవు. వానాకాలమైతే జలపాతం జోరు మీదుంటుంది గానీ జూలై నుంచి సెప్టెంబర్ దాకా అడవిలో సఫారీ బంద్. రెండూ కావాలన్న ఆశతో దీపావళి దాటిన వారం పెట్టుకున్నాం. ఆ లెక్క మాత్రం కుదిరింది.

కరీంనగర్ దాకా చెప్పుకోవడానికేమీ లేదు, గ్రానైట్ లారీల వెనక దుమ్ము తినడం తప్ప. చొప్పదండి, ధర్మారం దాటి రాయపట్నం బ్రిడ్జి ఎక్కితే గోదావరి. అక్కడ బండి ఆపి కాళ్ళు చాపుకున్నాం. లక్షెట్టిపేటలో ట్యాంకు ఫుల్ చేయించి, ఏటీఎంలో డబ్బులు తీసుకున్నాం. ముందుకు పోయేకొద్దీ ఫోన్‌లో సిగ్నల్ ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఫోన్‌పేను నమ్ముకోవద్దు.

కవ్వాల్ సఫారీ మొదలయ్యే జన్నారంలో టూరిజం వాళ్ళ హరిత హోటల్లో మొదటి రాత్రికి గది దొరకలేదు. ముందే బుక్ చేసుకోకపోవడం మా తప్పే. దారిలో కనిపించిన ఒక ప్రైవేటు లాడ్జికి పోయాం. కౌంటర్ దగ్గరి అబ్బాయి ఇద్దరి ఆధార్‌లూ అడిగాడు. నా ఆధార్‌లో ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంది. మా ఆయనదొకటి, నాదొకటి. ఇక మొదలైంది. ఓనర్‌కు ఫోన్, ఓనర్ లైన్లో ఉండగానే మళ్ళీ మా మొహాలు చూడడం. మెడలో పుస్తెలతాడు, కాళ్ళకు మెట్టెలు ఉన్నాయి, అయినా సరిపోలేదు. "పెండ్లి ఫోటో ఉంటే చూపియ్యండి మేడం" అన్నాడు. ఆరేళ్ళ కిందటి ఫోటో కోసం వెతుకుతుంటే మా ఆయన పక్కన నిలబడి నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇంత విచారణ చేసి ఇచ్చిన గదిలో గీజరు పనిచేయదు, దుప్పటి కంపు. వేడినీళ్ళ బకెట్‌కు వేరే డబ్బులు. రాత్రి పక్కనే మెస్‌లో తిన్న జొన్నరొట్టె, పచ్చిపులుసు లేకపోతే ఆ రోజును మొత్తంగా కొట్టేసేదాన్ని.

మర్నాడు పొద్దున్నే సఫారీ. కవ్వాల్‌ను 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించారు, కోర్ ప్రాంతమే దాదాపు 893 చదరపు కిలోమీటర్లు. పులులు ఎక్కువగా మహారాష్ట్రలోని తాడోబా అడవి వైపు నుంచి నడిచి వచ్చేవే. కాబట్టి జీపు ఎక్కగానే పులి కనబడుతుందనుకుంటే నిరాశ తప్పదు. మాతో ఎక్కిన మంచిర్యాల కుటుంబానికి ఆ సంగతి చెప్పినవాళ్ళు లేరనుకుంటా, ప్రతి మలుపులో "ఏదీ, ఏదీ" అంటూనే ఉన్నారు. డ్రైవర్ మాత్రం నెమ్మదైన మనిషి. టేకు ఆకుల మీద మంచు ఇంకా ఆరలేదు. ఒకచోట ఇంజిన్ ఆపేశాడు. దుప్పుల మంద తల ఎత్తి ఒకే దిక్కు చూస్తోంది. రెండు నిమిషాల తర్వాత ఎర్రగా నాలుగు రేచుకుక్కలు దారి దాటాయి, తొందరేమీ లేకుండా.

"అందరు పులి పులి అంటరు. వీటిని చూసుడు నాకే నెల దాటింది" అన్నాడాయన. వెనక సీట్లో వాళ్ళు "కుక్కలేనా?" అన్నారు.

ఆ తర్వాత ఒక మనుబోతు, కొండముచ్చులు, బురదలో అడవిదున్న అడుగులు. నాకైతే పెట్టిన డబ్బుకు సరిపోయింది. మీ పిల్లలు పులి కోసమే వస్తామంటే జూపార్క్‌కు తీసుకుపోండి.

రెండో రాత్రి హరితలో గది దొరికింది. ఆధార్ చూశారు, రిజిస్టర్‌లో సంతకం చేయించుకున్నారు, అంతే. అదే ఊరు, అదే జంట!

మూడో రోజు కడెం ప్రాజెక్టు మీదుగా బయల్దేరాం. 2022 జూలైలో వరద గేట్ల మీదుగా పొర్లి రాష్ట్రమంతా ఊపిరి బిగపట్టింది ఇక్కడే. మేం చూసినప్పుడు నీళ్ళు అద్దంలా ఉన్నాయి. నిర్మల్‌లో పొనికి చెక్క బొమ్మలు చూసి ఒక చిలుక కొన్నాను. బ్యాగులో చోటు లేక ఇంటిదాకా ఒళ్ళోనే పెట్టుకు కూర్చున్నాను. అక్కణ్ణుంచి నిర్మల్ ఘాట్ ఎక్కి నేరడిగొండ, లోపలికి తిరిగితే కుంటాల. ఇదీ కడెం వాగే. పొద్దున డ్యాం దగ్గర కదలకుండా ఉన్న నీళ్ళు ఇక్కడ సుమారు 45 మీటర్ల నుంచి దూకి వెళ్ళినవి.

కుంటాల గురించి నిజం చెప్పాలంటే, మెట్లు దిగడం సులువే, ఎక్కడమే నరకం. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను తీసుకుపోవద్దు. గుండంలోకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు చాలామంది, అయినా మా కళ్ళ ముందే ఇద్దరు కుర్రాళ్ళు సెల్ఫీ కోసం పాకుడురాళ్ళ మీద నిలబడ్డారు. ఆదివారం అసలు వద్దు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే దగ్గర్లోని పొచ్చెర జలపాతం నయం. ఎత్తు తక్కువే గానీ అంత దిగే పని లేదు.

తిరిగొచ్చాక నేను చేసిన మొదటి పని మీసేవకు పోవడం. ఇంటిపేరు మార్చుకోవడానికి కాదు, చిరునామా మార్చుకోవడానికి. ఇద్దరి కార్డుల మీదా ఒకే ఇంటి నంబరు ఉంటే కౌంటర్ దగ్గర ఆ మాత్రం చాలనుకుంటా.